అచ్చుతప్పులు తప్ప

ఈసారి ఎక్కడైనా కవితా సంపుటి మీద తెలుగు సమీక్ష కనబడితే పైనుంచి చదవకండి. కిందనుంచి చదవండి. చివరి నుంచి రెండో పేరాలో "అయితే" అనే మాట ఒకటి ఉంటుంది. అప్పటిదాకా ఆరేడు పేరాలు కవిని మునగచెట్టు ఎక్కించిన సమీక్షకుడు అక్కడ ఆగి, గొంతు సవరించుకుని "అయితే" అంటాడు. ఇప్పుడేదో చెప్పబోతున్నాడని మనమూ సర్దుకుని కూచుంటాం. చెప్పేది ఇదీ: అక్కడక్కడా అచ్చుతప్పులు దొర్లాయి, వచ్చే ముద్రణలో సవరించుకుంటారని ఆశిద్దాం. అయిపోయింది. ఆ తర్వాత కవికి అభినందనలు, అందరూ కొని చదవాల్సిన పుస్తకం, వెల ఇంత, ప్రతులకు ఫలానా నంబరు.

అంటే మొత్తం తెలుగు కవిత్వంలో తప్పులు చేసేవాడు ఒక్కడే. డీటీపీ చేసే కుర్రాడు. పేజీకి ఇంతని తీసుకుని, రాత్రిళ్ళు కూచుని, కవి వాట్సాప్‌లో పంపిన ఫొటోల్లోంచి చేతిరాత చూసి కొట్టినవాడు. కవి తప్పు చెయ్యడు. ముందుమాట రాసినవాళ్ళు చెయ్యరు. అట్ట వేసిన చిత్రకారుడు చెయ్యడు. ఆ కుర్రాడికి సాహిత్య అకాడమీ ఏదైనా ఇవ్వాలి, ఇంతమంది పాపాలు మోస్తున్నందుకు.

నేనూ రాశాను ఇలాంటివి. ఒకటీ రెండూ కాదు. కాబట్టి ఇది బయట నిలబడి రాళ్ళు వేసే వ్యాసం కాదు. నా మీద కూడా పడేలాగే వేస్తున్నాను.

సమీక్ష ఎలా తయారవుతుందో మనందరికీ తెలుసు, రాతలో మాత్రం పెట్టం. కవి సొంత డబ్బులతో అయిదొందల కాపీలు వేయించుకుంటాడు. అమ్మేది తక్కువ, పంచేది ఎక్కువ, మంచం కింద మిగిలేది ఇంకా ఎక్కువ. పంచేవాటిలో ఒకటి మనకి వస్తుంది, లోపలి పేజీలో "ఆత్మీయులకు, అభిమానంతో" అని సంతకంతో. మూడో రోజు మెసేజ్: "అక్కా, చూశారా?" వారం తర్వాత ఇంకోటి: "ఆవిష్కరణ లోపల వస్తే బావుంటుంది అక్కా." ఆ మనిషి రేపు బుక్ ఫెయిర్‌లో ఎదురవుతాడు. ఎల్లుండి మన పుస్తకం వస్తే దాని మీద రాసేదీ అతనే. ఇంత చిన్న ఊరు మనది. హైదరాబాద్ ఎంత పెరిగినా తెలుగు సాహిత్యం మాత్రం ఒక వీధి అంతే ఉంది, అందరి వాకిళ్ళూ అందరికీ కనబడతాయి.

తర్వాత సభ. వేదిక మీద ఎనిమిది కుర్చీలు, ఎనిమిది శాలువాలు, కింద ఇరవైమంది. మొదట మాట్లాడే పెద్దాయన "పుస్తకం ఇప్పుడే చేతికొచ్చింది, పూర్తిగా చదవలేకపోయాను, అయినా" అని మొదలుపెట్టి ముప్పావుగంట మాట్లాడతాడు. చివర మాట్లాడాల్సిన అమ్మాయికి, ఆమె ఒక్కతే పుస్తకం మొత్తం పెన్సిల్‌తో గీసుకుని వచ్చి ఉంటుంది, సమయాభావం వల్ల మూడు నిమిషాలు. ఆ పెద్దాయన ఉపన్యాసమే వారానికి వ్యాసం అవుతుంది. మన సమీక్ష అనేది సభలో కప్పిన శాలువాకి అచ్చు రూపం, అంతే. శాలువా కప్పేటప్పుడు ఎవరూ కొలతలు అడగరు.

ఆవిష్కరణ ఎప్పుడూ ఇలాగే ఉండేది కాదు. దిగంబర కవులు 1965లో మొదటి సంపుటిని హైదరాబాద్‌లో అర్ధరాత్రి ఒక రిక్షా కార్మికుడి చేత ఆవిష్కరింపజేశారు. రెండోది విజయవాడలో హోటల్ కార్మికుడి చేత, మూడోది విశాఖలో ఒక యాచకురాలి చేత. అందులో కొంత ఆర్భాటం లేకపోలేదు, ఒప్పుకుంటాను. కానీ వాళ్ళు పెద్దల ఆశీస్సులు ముందే వద్దనుకున్నారు. తిట్లు తిన్నారు, బూతు అనిపించుకున్నారు. ఆ తిట్టినవాళ్ళు కనీసం చదివి తిట్టారు.

ముందుమాట సంగతి కూడా అంతే. మహాప్రస్థానం 1950లో పుస్తకంగా వచ్చినప్పుడు దాని ముందు చలం రాసినదాని పేరు యోగ్యతాపత్రం. ఆ పేరు పట్టుకుని మనం ఇవాళ్టికీ ప్రతి పుస్తకానికీ మూడేసి యోగ్యతాపత్రాలు జతచేస్తున్నాం, ఉద్యోగం దరఖాస్తుకి చేసినట్టు. చలం రాసింది సర్టిఫికెట్ కాదు. ఆ కవిత్వం తగిలినప్పుడు ఒక మనిషికి ఏమైందో చెప్పాడాయన. మనం పేరు తీసుకుని ఆ మనిషిని వదిలేశాం.

*

మాటలు చూడండి. తడి. ఆర్ద్రత. గుండె తడి. కంటి తడి. అక్షరాల తడి. మట్టి తడి. ఒక ఏడాది సమీక్షలన్నీ పిండితే హుస్సేన్‌సాగర్ మళ్ళీ నిండుతుంది. తడి లేనిచోట "నిప్పుకణికలు" ఉంటాయి. "కవి తన అనుభవాన్ని అక్షరీకరించారు" అంటాం. అక్షరాలతో కాక ఇంక దేంతో చేస్తాడు? "పదచిత్రాలు పుష్కలంగా ఉన్నాయి" అంటాం, పెళ్ళి భోజనంలో కూరల గురించి చెప్పినట్టు. ఏ పదచిత్రం? అది ఆ కవితలో ఏం పని చేసింది? దాన్ని తీసేస్తే కవిత కూలుతుందా, ఇంకా బాగుపడుతుందా? ఈ ప్రశ్న వేసుకున్న సమీక్ష మీరు ఈమధ్య చదివారా?

ఈ మాటలు తప్పుడు మాటలని కాదు. ఎవరో ఒకరు మొదటిసారి ఒక కవిత గురించి "తడి" అన్నప్పుడు అందులో నిజం ఉండే ఉంటుంది. ఇప్పుడది అందరికీ సరిపోయే రెడీమేడ్ చొక్కా. పుస్తకం పేరు మార్చి, కవి పేరు మార్చి, అదే సమీక్ష ఇంకో సంపుటికి తగిలిస్తే ఎవరూ కనిపెట్టలేరు. నాది నేనే కనిపెట్టలేకపోయాను ఒకసారి. రెండేళ్ళ కిందటి నా సమీక్ష ఒకటి దొరికింది, చదువుతుంటే ఇది ఏ పుస్తకం గురించో నాలుగో పేరా దాకా నాకే గుర్తు రాలేదు.

దీనికి అందరూ చెప్పే సమాధానం ఒకటుంది. "కవిత్వం చదివేవాళ్ళే లేరు, ఉన్న నలుగుర్నీ కూడా విమర్శించి తరిమేద్దామా? కొత్తవాళ్ళు కదా, ప్రోత్సహించాలి." వినడానికి బావుంటుంది. అమ్మ మాటలా ఉంటుంది. కానీ ఆ ప్రోత్సాహం ఎవరికి అందుతోందో చూడండి. నిజంగా బాగా రాసినవాడికి దక్కే మాటలూ, నిన్న రాత్రి స్టేటస్‌లు ఏరి పుస్తకం వేసినవాడికి దక్కే మాటలూ ఒకటే. ఇద్దరికీ తడే. ఇద్దరూ "సమకాలీన కవిత్వంలో విలక్షణ స్వరం". అప్పుడు నష్టపోయింది చెడ్డ కవి కాదు. అతనికేం, హాయిగా ఉన్నాడు. నాలుగేళ్ళు ఒక కవితని పట్టుకుని, యాభైసార్లు కొట్టేసి తిరగరాసిన మనిషి నష్టపోయాడు. ఆ నాలుగేళ్ళ పని ఎవరికీ కనబడలేదు. కనబడిందని చెప్పడానికి మన దగ్గర మాట మిగల్లేదు, అన్నీ ముందే ఖర్చుపెట్టేశాం.

ఇంకో నష్టం పాఠకుడిది. ఇరవై రెండేళ్ళ కుర్రాడు, బీటెక్ అయిపోయింది, ఇంగ్లీషులో చదువుతాడు, తెలుగులో కొత్త కవిత్వం ఏదైనా చూద్దామనుకున్నాడు. సమీక్ష చూసి పుస్తకం తెప్పించాడు. చదివాడు. ఏమీ లేదు. రెండోసారి ఇంకో సమీక్ష నమ్మాడు. మళ్ళీ అదే. మూడోసారి నమ్మడు. ఆ తర్వాత వచ్చిన మంచి పుస్తకం కూడా వాడికి అందదు. పాఠకుల్ని విమర్శ తరిమేస్తుందంటారు గానీ, నాకు తెలిసి వాళ్ళని తరిమింది ఈ పొగడ్తే.

సి.ఆర్. రెడ్డి 1914లో కవిత్వతత్త్వ విచారము వేసినప్పుడు పింగళి సూరనని మెచ్చుకుంటూనే ప్రబంధాల్ని చీల్చి చెండాడాడు. చాలామందికి మండింది, ఎదురు తిరిగి రాశారు. రెడ్డి చెప్పినవన్నీ ఒప్పుకోనక్కర్లేదు. ఆయన ఇంగ్లీషు చదువు కళ్ళద్దాలు కొన్నిచోట్ల బాగా కనబడతాయి. కానీ వందేళ్ళు దాటినా ఆ పుస్తకంతో పోట్లాడొచ్చు. వెల్చేరు నారాయణరావు 1978లో వేసిన తెలుగులో కవితా విప్లవాల స్వరూపంతోనూ అంతే, ఇవాళ్టికీ ఏదో ఒక మూల ఎవరో ఒకరు పోట్లాడుతూనే ఉంటారు. మొన్నటి సమీక్షలతో ఎవరైనా ఎలా పోట్లాడతారు? పట్టుకోవడానికి అందులో ఏముంది?

*

ఇక్కడ కొంచెం జాగ్రత్తగా మాట్లాడాలి. జాగ్రత్త పేరుతో మానేస్తే మాత్రం ఈ వ్యాసం కూడా ఆ కోవలోకే పోతుంది.

80లు, 90లు గుర్తు తెచ్చుకోండి. మనలో చాలామందికి అది చదివి తెలుసుకున్న కాలమే. స్త్రీవాద కవిత్వం వచ్చింది. గురిచూసి పాడే పాట 1990లో, నీలిమేఘాలు 1993లో. చిక్కనవుతున్న పాట 1995లో. జల్జలా 1998లో. స్త్రీవాద కవిత్వాన్ని నీలి కవిత్వం అన్నవాళ్ళున్నారు. దళిత కవిత్వం కవిత్వమే కాదన్నవాళ్ళున్నారు. అవి అన్యాయమైన మాటలు, కొన్నయితే నీచమైన మాటలు. కానీ వాటికి జవాబులు వచ్చాయి, కవిత్వంలోనూ వచ్చాయి, వ్యాసాల్లోనూ వచ్చాయి. చేకూరి రామారావు చేరాతల్లో ఒక కొత్త కవిని పట్టుకుంటే, ఆ కవిత ఎలా నిలబడిందో భాషాశాస్త్రం చదువుకున్న మనిషి ఓపికతో విప్పి చూపించేవాడు. ఆయన కూడా ఎక్కువగా మెచ్చుకున్నాడనే వాళ్ళున్నారు, నిజమే కావచ్చు. ఏ వాక్యాన్ని మెచ్చుకున్నాడో మాత్రం తెలిసేది.

ఇప్పుడేం జరుగుతోంది? ఒక దళిత కవి పుస్తకం వస్తే సమీక్షంతా "వేదన", "ఆక్రోశం", "తరతరాల గాయం". ఒక ముస్లిం కవయిత్రి పుస్తకం వస్తే "అస్తిత్వ వేదన", "ద్విగుణీకృత అణచివేత". వస్తువు గురించి నాలుగు పేజీలు. ఆమె ఉర్దూ మాటని తెలుగు వాక్యంలో ఎక్కడ ఎందుకు పెట్టిందో, అర్థం చెప్పకుండా వదిలేసిన చోట ఎందుకు వదిలేసిందో, ఆ వదిలెయ్యడంలో ఎంత పొగరు ఉందో, ఒక్క ముక్క ఉండదు. మధ్యతరగతి అగ్రకుల కవి రాసిన వానాకాలం కవితకి మాత్రం "శిల్పం", "నిర్మాణం", "క్లుప్తత" అన్నీ గుర్తొస్తాయి. ఒకరి దగ్గర కళ వెతుకుతాం, ఇంకొకరి దగ్గర వాంగ్మూలం తీసుకుంటాం.

ఇది గౌరవం అనుకుంటున్నారు. నాకు అలా కనబడదు. ఇంటికొచ్చిన మనిషిని బయట అరుగు మీద కూచోబెట్టి ప్రేమగా కాఫీ ఇవ్వడం లాంటిది. కప్పు మంచిదే, కాఫీ మంచిదే, లోపలికి రానివ్వలేదు అంతే. ఒక కవి వాక్యం ఇక్కడ తేలిపోయిందని చెప్పాలంటే ఆ వాక్యాన్ని ముందు వాక్యంగా చదవాలి. పొగిడి పంపించెయ్యడానికి చదవక్కర్లేదు.

*

నాటకానికి వద్దాం. ఇక్కడ చెడ్డ సమీక్ష కూడా లేదు. అసలు సమీక్షే లేదు.

మన ఊళ్ళలో నాటకం బతికుంది. పరిషత్తులు జరుగుతూనే ఉన్నాయి, గంట నాటికలు, పోటీలు, రాత్రి రెండింటిదాకా కూచునే జనం. మర్నాడు జిల్లా ఎడిషన్‌లో ఏం వస్తుంది? జ్యోతి వెలిగించినవారి పేర్లు, ముఖ్య అతిథి మాటలు, సత్కారం ఫొటో. చివరి రెండు లైన్లలో "ఫలానా నాటిక ఆలోచింపజేసింది, ఫలానా నాటిక అలరించింది, కళాకారులు పాత్రల్లో జీవించారు." జీవించారట. ఎలా జీవించారు? తండ్రి వేషం వేసినాయన కూతురు ఇంట్లోంచి వెళ్ళిపోయాక మాట్లాడకుండా మడత కుర్చీ మడిచి గోడకి ఆనించడం, అదొక్కటే ఆ గంటలో నిజంగా జరిగిన నటన. నేను చూశాను ఒకచోట. మిగతా యాభై నిమిషాలూ నటులు పైనుంచి వేలాడుతున్న మైకుల కిందికి జరిగి జరిగి డైలాగులు అప్పజెప్పారు. ఏడుపు వస్తే కీబోర్డు, కోపం వస్తే కీబోర్డు. ఇది ఎవరూ రాయలేదు. ఆ కుర్చీ మడిచిన ఆయనకి తాను ఏం సాధించాడో చెప్పినవాళ్ళు లేరు. ఉత్తమ నటుడు ఇంకొకరికి వచ్చింది, గొంతు పెద్దగా ఉన్నాయనకి.

పరిషత్తుల్లో విమర్శ స్థానాన్ని మార్కులు తీసేసుకున్నాయి. ముందు వరసలో న్యాయనిర్ణేతలు కూచుంటారు, కాగితం మీద అంకెలు వేస్తారు. ఉత్తమ ప్రదర్శన, ఉత్తమ రచన, ఉత్తమ ప్రతినాయకుడు, ఉత్తమ ఆహార్యం, ఉత్తమ రంగాలంకరణ. ఎందుకు ఉత్తమమో ఎక్కడా ఉండదు. అందుకే రచయితలు ఆ అంకెల కోసం రాయడం మొదలుపెట్టారు. చివరి అయిదు నిమిషాల్లో ఒక పాత్ర ముందుకొచ్చి సమాజానికి సందేశం ఇస్తుంది. దాన్ని తీసేస్తే నాటిక రెండింతలు బలంగా ఉంటుందని చెప్పేవాళ్ళు లేక, ఏటేటా సందేశం పొడుగవుతోంది.

ఒకప్పుడు జనమే సమీక్ష చేసేవాళ్ళు. పద్యనాటకంలో వన్స్‌మోర్ అంటే అది రేటింగ్ కాదా? పాడింది నచ్చకపోతే ఈలలు వేసేవాళ్ళు, మొహమాటం లేదు. గురజాడ కన్యాశుల్కం 1892లో మొదట ఆడారు, 1897లో అచ్చయింది. బ్రహ్మాండమని పేరొచ్చింది. ఆయన అక్కడ ఆగిపోవచ్చు. ఆగకుండా 1909 నాటికి దాదాపు కొత్త నాటకమే రాసిపెట్టాడు. మనం ఇవాళ తలుచుకునే గిరీశం, మధురవాణి చాలావరకు ఆ రెండో కూర్పు మనుషులు. పొగడ్తలు సరిపోయి ఉంటే మనకి మొదటి కూర్పే మిగిలేది. మా భూమిని ప్రభుత్వం నిషేధించిందంటే, ఆ నిషేధించినవాళ్ళు కూడా ఒకరకంగా ఆ నాటకం ఏం చేస్తుందో శ్రద్ధగా గమనించారనే కదా. మనం అంత శ్రద్ధ కూడా పెట్టడం లేదు.

సురభి గురించి ఏదైనా వ్యాసం తియ్యండి. 1885 వస్తుంది. కడప జిల్లా సురభి గ్రామం వస్తుంది. కీచకవధ, వనారస గోవిందరావు, తరతరాల కుటుంబం, తీగల మీద గాల్లో ఎగిరే పాత్రలు, నిప్పులు, మాయాబజార్‌లో ఘటోత్కచుడు. అన్నీ నిజమే. కానీ నిన్న రాత్రి ఆడిన నాటకం రాదు. శశిరేఖ వేసిన అమ్మాయి గొంతు ఎలా ఉంది? మాయాశశిరేఖ అయ్యాక ఆమె నడక మార్చిందా, కళ్ళు మాత్రమే మార్చిందా? పద్యం ఏ రాగంలో ఎత్తుకుంది, ఎక్కడ ఊపిరి తీసుకుంది? ఇవేవీ ఉండవు. బతికున్న నటుల్ని మనం మ్యూజియంలో పెట్టి, కింద చిన్న పలక తగిలించి వచ్చేశాం. ప్రతి సంవత్సరం వెళ్ళి ఆ పలక తుడిచి వస్తున్నాం.

*

చిత్రకళ పరిస్థితి ఇంకా విచిత్రం. హైదరాబాద్‌లో ఎగ్జిబిషన్లకి కొదవ లేదు. గోడ మీద నోట్ ఇంగ్లీషులో ఉంటుంది, కేటలాగ్ ఇంగ్లీషులో ఉంటుంది, వాటిలో సగం మాటలు ఇంగ్లీషు వచ్చినవాళ్ళకీ అర్థం కావు. తెలుగులో వచ్చేది ఒక ఫొటో, రిబ్బన్ కత్తిరిస్తున్న సినిమానటి, కింద "కుంచె నుంచి జాలువారిన రంగుల హరివిల్లు". బొమ్మ ఫొటోలో వెనకాల, నటి భుజం మీదుగా కొంచెం కనబడుతుంది.

తెలుగులో బొమ్మల గురించి రాయలేమనేది అబద్ధం. తెనాలి దగ్గర తుమ్మపూడిలో కూచుని సంజీవదేవ్ రాశాడు. ఆయన వాక్యం నాకు కొన్నిచోట్ల మరీ మెత్తగా, మరీ ధ్యానంగా అనిపిస్తుంది. కానీ రంగు ముందు నిలబడిన మనిషి వాక్యం అది.

తోట వైకుంఠం బొమ్మలు తీసుకుందాం, అందరికీ తెలిసినవి కాబట్టి. పెద్ద బొట్టు, నల్లటి ఒళ్ళు, ఎర్రటి చీర. సమీక్షకుడు వెంటనే "తెలంగాణ స్త్రీ ఆత్మ" అని రాసేసి పెన్ను మూసేస్తాడు. ఆయన బరోడాలో కె.జి. సుబ్రమణ్యన్ దగ్గర చదువుకున్నాడు. చిన్నప్పుడు ఊరికొచ్చే నాటకాల్లో ఆడవేషం కట్టిన మగవాళ్ళు తనని ఎంత లాగేసేవాళ్ళో ఆయనే చెప్పుకున్నాడు. ఆ ఒక్క సంగతి మనసులో పెట్టుకుని ఆ బొమ్మల ముందు మళ్ళీ నిలబడి చూడండి. ఆ భుజాల వెడల్పు, ఆ అలంకరణలో కొంచెం ఎక్కువైన దిట్టతనం, చూసేవాళ్ళ కోసమని కూచున్నట్టుండే ఆ కూర్చోవడం. నాకైతే అవి పొలం నుంచి వచ్చిన ఆడవాళ్ళలా కాక, తెర తియ్యబోయే ముందు వేషం కట్టుకుని ఉన్న మనుషుల్లా కనబడటం మొదలైంది. నా చూపు తప్పు కావచ్చు. కాదని చెప్పండి, ఎందుకు కాదో చెప్పండి. అక్కణ్ణుంచి ఇంకో ప్రశ్న: ఒక రాష్ట్రం తన గుర్తింపు కోసం ఆ బొమ్మని తీసుకున్నాక, క్యాలెండర్లకీ, ఆఫీసు గోడలకీ, చీరలకీ ఎక్కించాక, ఆ బొమ్మకి ఏమైంది? మొదటి వాటిల్లో ఉన్న గరుకుతనం మిగిలిందా? అడిగితే ఆయన మీద గౌరవం లేదంటారు. నిజానికి అడక్కపోవడమే అగౌరవం.

లక్ష్మాగౌడ్ 1970ల ఎచింగుల దగ్గరికి వచ్చేసరికి మనవాళ్ళకి సిగ్గు. మేకలు, మనుషులు, చెట్లు, కామం అన్నీ కలగలిసిపోయిన గీతలవి. వాటి గురించి "గ్రామీణ జీవన సౌందర్యం" అని రాస్తారు. ఏ గ్రామం బాబూ? ఆ ప్లేటు మీద ఏం జరుగుతోందో చూడలేదా? చూశారు. రాయడానికి మొహమాటం. రాయకపోతే ఆ బొమ్మలు లేనట్టే అవుతాయి తెలుగులో.

ఎచింగ్ అంటే ఏమిటో కూడా చెప్పం. రాగిరేకు మీద మైనం లాంటి పూత పూసి, సూదితో గీసి, యాసిడ్‌లో ముంచితే గీసినంత మేరా లోహాన్ని యాసిడ్ తింటుంది. ఎక్కువసేపు ఉంచితే గీత లోతవుతుంది. ఇది తెలిస్తే ఆ గీత ఎందుకంత కరుగ్గా ఉందో పాఠకుడికి తెలుస్తుంది. రెండు వాక్యాల పని. చిత్తూరు జిల్లా నందనూరులో 1925లో పుట్టిన కృష్ణారెడ్డి పారిస్‌లో హేటర్ స్టూడియోలో పనిచేస్తూ, సిరాల జిడ్డులో తేడా పట్టుకుని ఒకే ప్లేటు మీంచి ఒకేసారి పలు రంగులు తియ్యడం ఎలాగో కనిపెట్టినవాళ్ళలో ముఖ్యుడు. పల్చటి సిరా, చిక్కటి సిరా ఒకదాన్నొకటి ఎలా తోసేస్తాయో, మెత్తటి రోలర్ లోతుకి ఎలా దిగుతుందో, గట్టి రోలర్ పైపైన ఎలా పోతుందో, అదంతా వంటింట్లో పెనం మీద నూనె చూసిన ఎవరికైనా తెలుగులో చెప్పొచ్చు. 2018లో ఆయన పోతే మనం "తెలుగుజాతి గర్వించదగ్గ" అని రాశాం. గర్వించాం. బొమ్మ ఎలా చేశాడో మాత్రం చెప్పుకోలేదు.

*

తెలుగులో విమర్శ అసలు లేదని కాదు. ఉంది, ఫేస్‌బుక్‌లో. అయితే మునగచెట్టు, కాకపోతే పాతాళం. స్నేహం చెడిన మర్నాడు అదే కవి దొంగ, అనుకర్త, అవార్డుల కోసం తిరిగేవాడు. నిన్న విలక్షణ స్వరం అన్నది ఈ చెయ్యే. దీన్ని నిర్మొహమాటం అనుకునేవాళ్ళున్నారు. ఇందులోనూ పుస్తకం చదవలేదు, మనిషి మీద కోపమే రాశారు. మన వెబ్ పత్రికలు దీనికి మందు అవుతాయనుకున్నాం. పేజీల కొరత లేదు, ప్రకటనల భయం లేదు. కానీ సంపాదకులూ కవులే, కవులకి స్నేహితులే. డబ్బులు ఎవరికీ లేవు. వారం రోజులు ఒక పుస్తకంతో కూచుని రాసినవాళ్ళకి దక్కేది ఒక శత్రువు. గంటలో పొగిడి పంపినవాళ్ళకి దక్కేది వంద లైకులు, ఒక సభకి పిలుపు. ఈ లెక్కలో ఎవరైనా ఏం చేస్తారు?

నేనేం చేశానో చెప్తాను. మూడేళ్ళ కిందట ఒక కుర్ర కవి మొదటి సంపుటి మీద రాశాను. పేరొద్దు. అరవై కవితలు. పాతిక చదివి ఉంటాను, ముందునుంచి కొన్ని, వెనకనుంచి కొన్ని. "నగర జీవితపు ఒంటరితనాన్ని ఇంత తడిగా పట్టుకున్న గొంతు ఈమధ్య వినలేదు" అని రాశాను. చివర అచ్చుతప్పుల గురించీ రాశాను. పిల్లవాడు చాలా సంతోషపడ్డాడు.

ఏడాదిన్నర తర్వాత ఫోన్ చేశాడు. "అక్కా, రెండో ముద్రణ వేస్తున్నా. కొన్ని కవితలు తీసేద్దామనుకుంటున్నా. మీరు చదివారు కదా, ఏవి తియ్యమంటారు?"

"అన్నీ బావున్నాయి కదరా, ఎందుకు తియ్యడం?" అన్నాను.

"లేదక్కా, అన్నీ బాలేవు. నాకు తెలుస్తోంది. ఏవో మాత్రం సరిగ్గా తెలీట్లేదు. అందుకే మిమ్మల్ని అడుగుతున్నా. ఇంకెవర్ని అడిగినా బావున్నాయనే అంటున్నారు."

పనిలో ఉన్నాను, సాయంత్రం చేస్తానని పెట్టేశాను. సాయంత్రం చెయ్యలేదు. పుస్తకం తీసి కూచున్నాను. అరవయ్యీ చదివాను, మొదటిసారి. పద్దెనిమిది కవితలు నిజంగా మంచివి, వాటిలో నేను సమీక్షలో పేరెత్తినవి రెండే. నేను ఎత్తి చూపించి మెచ్చుకున్న ఇంకో మూడు, ఇంకెవరో రాసిన కవితల్ని చదివి రాసినవని ఇప్పుడు స్పష్టంగా తెలుస్తోంది. నలభై మూడో పేజీలో లిఫ్ట్‌లో వాచ్‌మన్‌తో కలిసి పైకెళ్ళే కవిత ఉంది, మొదటి ఎనిమిది లైన్లు అద్భుతం, తర్వాత ఒంటరితనం గురించి ఉపన్యాసం మొదలవుతుంది. ఆ ఎనిమిది లైన్ల దగ్గర ఆపెయ్ అని ఎవరైనా చెప్పుంటే. నేనే చెప్పుండాల్సింది.

రాత్రి పదకొండుకి ఫోన్ చేసి అంతా చెప్పాను, సమీక్ష రాసేటప్పుడు మొత్తం చదవలేదన్న సంగతితో సహా. చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "నలభై మూడో పేజీ మళ్ళీ చెప్పండక్కా, రాసుకుంటాను" అన్నాడు.

రెండో ముద్రణ పోయిన నెల వచ్చింది. ముప్ఫై ఒక్క కవితలే ఉన్నాయి. లిఫ్ట్ కవిత తొమ్మిది లైన్లు చేశాడు, ఆ తొమ్మిదోది నాకు ఇంకా నచ్చలేదు. అట్ట వెనక నా పాత వాక్యం అలాగే వేశాడు, తడితో సహా. తియ్యమని అడగాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించి అడిగాను. "ఉండనివ్వండక్కా, ఈసారి సమీక్ష ఎలాగూ వేరేగా రాస్తారు కదా" అన్నాడు. రాస్తున్నాను. వచ్చే సంచికకి.